ముందు అడుగు మూత, ఆ తర్వాతే మరకలు

ప్రశ్న: ఈ మధ్యే ఒక పాత ఇల్లు కొన్నాం. పెరట్లో నేలలో కట్టిన స్పా, అంటే కూర్చుని స్నానం చేసే వేడినీళ్ల తొట్టి, ఉంది. కట్టి 20 ఏళ్లు దాటిందట. కాంక్రీటు తొట్టి, లోపల తెల్ల సిమెంటు పూత. ఆ తెలుపు ఇప్పుడు ఎక్కడా కనిపించదు. కూర్చునే గట్టంతా గోధుమరంగు, వేడినీళ్లు వచ్చే జెట్ల చుట్టూ నీలం, ఆకుపచ్చ కలిసిన మరక, నీటి అంచు వెంట తెల్లటి గార. అడుగున ఒక మూల బొటనవేలంత తుప్పు చుక్క ఉంది, ఎంత తోమినా వారం తిరిగేసరికి మళ్లీ వస్తుంది. గట్టు గరుకుగా ఒంటికి గీసుకుంటోంది. ఒక కాంట్రాక్టరు మొత్తం పగలగొట్టి ఫైబర్‌గ్లాస్ తొట్టి దింపుదామంటున్నారు. ఇంకొకరు యాసిడ్‌తో కడిగి ఎపాక్సీ (ప్లాస్టిక్‌లా గట్టిపడే) రంగు వేస్తే కొత్తదే అనుకుంటారంటున్నారు. రెండు నెలల్లో మా మనవలు వస్తున్నారు. ఎవరి మాట వినాలి? నీళ్లు కొద్దికొద్దిగా తగ్గుతున్నాయి కానీ అది ఆవిరేమో అనుకుంటున్నాం. అన్నట్టు, అడుగున నీళ్లు లాగే రంధ్రం ఒకటే ఉంది. దాని మూత పగిలితే పాత సామాన్లలో దొరికిన మూత ఒకటి బిగించాం.

సమాధానం: మీరు అడిగింది మరకల గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం "అన్నట్టు" అంటూ చివర తగిలించిన ఆ మూత సంగతి. కాబట్టి ముందు అదే చెబుతాను. ఇది చదవడం ఆపి వెళ్లి పంపు స్విచ్ కట్టేయండి. సరైన మూత పడేదాకా ఆ నీళ్లలోకి పెద్దలూ పిల్లలూ ఎవరూ దిగవద్దు.

రంధ్రం ఒకటే ఉన్నప్పుడు పంపు లాగుడంతా అక్కడే ఉంటుంది. చదునైన పాత మూత మీద ఒక పిల్లవాడు కూర్చుంటే చాలు, దారి మూసుకుపోయి ఆ లాగుడు మొత్తం ఆ చిన్న ఒంటి మీద పడుతుంది. పొడవాటి జుట్టయితే మూత సందుల్లోంచి లోపలికి పోయి ముడిపడుతుంది. అలా చిక్కుకున్న వాళ్లను పెద్దవాళ్లు పట్టి లాగినా విడిపించలేకపోవచ్చు, ముందు పంపు ఆగాలి. స్పా లోతు తక్కువ కదా అని ధీమా పడతారు. తల మునగడానికి ఆ లోతు చాలు. అందుకే ఇప్పుడు కట్టేవాటిలో కనీసం 3 అడుగుల ఎడంగా రెండు రంధ్రాలు పెట్టి ఒకే గొట్టానికి కలుపుతారు. ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతూ ఉంటుంది. మూత ఎంత ప్రవాహానికి పనికొస్తుందో, ఎన్నేళ్లు వాడవచ్చో దాని మీదే అచ్చువేసి ఉంటుంది. ఎండకూ క్లోరిన్‌కూ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది కనుక ఆ గడువు పెట్టారు. మీ పంపు ప్రవాహం ఎంతో చూసి, దానికి తగిన కొత్త మూత, కొత్త మరలతో, ఈ వారమే వేయించండి. రెండో రంధ్రం సంగతికి మళ్లీ వస్తాను.

ఇక ఆవిరి. కావచ్చు. వేడి నీళ్లు, పైగా బుడగలు, కాబట్టి స్పా నీళ్లు త్వరగానే తగ్గుతాయి. కానీ ఉంచాలా పగలగొట్టాలా అన్నది "అనుకుంటున్నాం" అనే మాట మీద తేలదు. దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. హీటరు, పంపు, గాలి ఊదే బ్లోయరు ఆపి నీళ్లు పూర్తిగా చల్లబడనివ్వండి. నీళ్లు తనంతట తానే నింపే వాల్వు ఉంటే అదీ కట్టేయండి. ఒక బక్కెట్‌ను మెట్టు మీద పెట్టి, బక్కెట్ లోపలి మట్టమూ బయటి మట్టమూ సమానమయ్యేదాకా స్పా నీళ్లే పోయండి. రెండు చోట్లా గీత పెట్టండి. 24 గంటల తర్వాత రెండూ ఒకేలా తగ్గితే ఆవిరే. బయట ఎక్కువ తగ్గితే లీకు. కొత్త మూత పడ్డాక, ఎవరూ దిగకుండా, ఈసారి పంపు నడుపుతూ ఇంకో 24 గంటలు చూడండి. పంపు నడిచేటప్పుడే ఎక్కువ తగ్గుతుంటే పంపు నుంచి జెట్లకు వెళ్లే గొట్టాలను అనుమానించాలి.

నీళ్లు కొంత దిగి ఒక మట్టం దగ్గర ఆగిపోతే మీ పని సగం తగ్గినట్టే. లీకు ఆ ఎత్తులోనే ఉందని అర్థం: ఒక జెట్ దగ్గర కావచ్చు, దీపం పెట్టిన గూడు దగ్గర కావచ్చు. స్పాలో ఒక్కో జెట్‌కు నీటి గొట్టం ఒకటి, గాలి గొట్టం ఒకటి ఉంటాయి. అవన్నీ కాంక్రీటును దాటుకుని రావాలి. అలా దాటిన ప్రతిచోటా ఒక అతుకు ఉంటుంది. మామూలుగా కారేది అతుకుల దగ్గరే, తొట్టి మధ్యలో కాదు. అనుమానం ఉన్నచోట, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు, కాస్త రంగు చుక్కలు వదిలి చూడండి. లీకుంటే రంగు అటు పాకుతుంది.

ఇప్పుడు మరకలు. మీ స్పాలో ఉన్నది ఒక మరక కాదు, నాలుగు. నాలుగింటికీ పుట్టుక వేరు. మీ కాంట్రాక్టర్లిద్దరూ వాటిని కలిపి ఒకే జబ్బుగా చూస్తున్నారు, అక్కడే నాకు అభ్యంతరం.

గట్టు మీది గోధుమరంగు ఇనుము కావచ్చు, ఆకుల రసం కావచ్చు. బోరు నీళ్లలో కరిగిన ఇనుము కంటికి కనిపించదు. నింపినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి. క్లోరిన్ తగలగానే అది తుప్పుగా మారి, గరుకుగా ఉన్నచోట పట్టుకుంటుంది. ఆకులు నానిన రసం కూడా చూపుకు అచ్చం అలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే మందుల దుకాణంలో దొరికే విటమిన్ సి బిళ్ల ఒకటి తీసుకుని మరక మీద అదిమి, నిమిషం పాటు రుద్దండి. ఆ మేర తెల్లబడితే ఇనుమే. మారకపోతే మరోచోట, మరో రోజు, పాత మేజోడులో కాస్త క్లోరిన్ గుళికలు కట్టి మరక మీద కొన్ని నిమిషాలు ఉంచండి. పలచబడితే ఆకుల రసం. రెండింటినీ కలిపి మాత్రం వాడకండి. ఒకదాని పని ఇంకోటి చెడగొట్టడమే కాదు, పొడిగా కలిస్తే ప్రమాదం కూడా. క్లోరిన్ ఉంచిన చోట పూత కూడా కొంత తెల్లబారుతుంది, కాబట్టి కంటికి ఆనని మూల ఎంచుకోండి.

వేడినీటి జెట్ల చుట్టూ నీలం, ఆకుపచ్చ అన్నారు. ఇది రాగి. అది కూడా హీటరు నుంచి తిరిగి వచ్చే నీళ్ల దారిలోనే ఉందంటే, వచ్చింది హీటరులోని రాగి గొట్టాల్లోంచి అని దాదాపు చెప్పేయవచ్చు. ఈ స్పాలో ఎన్నో నెలలు, బహుశా ఏళ్లు, పుల్లని నీళ్లు తిరిగాయి. పీహెచ్ (నీళ్ల పులుపును చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 కంటే కిందికి పోతే ఆ నీళ్లు రాగిని కొద్దికొద్దిగా తినేసి, బయటికి వచ్చాక గోడకు పూస్తాయి. నెమ్మదిగా కరిగే క్లోరిన్ బిళ్లలు బాగా ఆమ్ల గుణం ఉన్నవి. చిన్న తొట్టిలో వాటిని వేసి మరిచిపోతే జరిగేది ఇదే. రాగి కలిపిన నాచు మందు వాడినా ఈ మరక వస్తుంది, కానీ అప్పుడు జెట్ల చుట్టూనే ఇంత చిక్కగా కనిపించదు. గోడ మీది మరక ఎంత ఉందో, హీటరు లోపల అంత లోహం తరిగినట్టు. ఎవరి మాట విన్నా సరే, ముందు హీటరు విప్పించి చూడండి. తినేసిన హీటరును అలాగే ఉంచి కొత్త పూత వేస్తే, ఏడాది తిరక్కుండానే మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

తెల్లటి గార సున్నం. మామూలుగా వేడి ఎక్కువైతే పంచదార లాంటివి బాగా కరుగుతాయి. సున్నానిది తిరకాసు స్వభావం, వేడి పెరిగేకొద్దీ నీళ్లలోంచి బయటికి వచ్చేస్తుంది. దానికి తోడు జెట్ల బుడగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఊడ్చేస్తాయి, దాంతో పీహెచ్ పైకి పోతుంది, సున్నం ఇంకా త్వరగా పేరుకుంటుంది. ఈత కొలనులో పదేళ్లకు పట్టే గార స్పాలో రెండేళ్లకే పడితే ఆశ్చర్యం లేదు. ఒక్క చుక్క వెనిగర్ వేస్తే నురగ వస్తుంది, అదే రుజువు. ఒకే తొట్టిలో పుల్లని నీళ్ల గుర్తూ, సున్నపు నీళ్ల గుర్తూ ఉన్నాయంటే పాత యజమానులు నీటి పరీక్ష ముఖం చూడకుండా, ఒకసారి ఇటూ ఒకసారి అటూ మందులు పోశారని అర్థం. వాళ్లను తిట్టి లాభం లేదు, కానీ తెలిసి ఉండటం మంచిది.

నాలుగోది, ఆ తుప్పు చుక్క. చిన్నదే అయినా నాలుగింటిలో లెక్క చేయవలసింది అదే. తోమితే పోయి మళ్లీ అదే చోట మొలుస్తోందంటే అది బయటి నుంచి అంటుకున్నది కాదు, లోపలి నుంచి వస్తున్నది. కాంక్రీటులోని ఇనుప చువ్వో, చువ్వలు కట్టిన తీగ కొనో పూతకు మరీ దగ్గరగా ఉండి తడి తగులుతోంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టి పగలగొడుతుంది. తీగ కొన అయితే ఒక పూట పని: చెక్కి, కొనను లోపలికంటా కత్తిరించి, నీళ్లకు ఆగే సిమెంటుతో పూడుస్తారు. చువ్వ అయితే ఎంత దూరం తుప్పుపట్టిందో, మెరిసే ఇనుము కనిపించేదాకా చెక్కుకుంటూ పోవాలి. అలాంటి చుక్కలు ఒకటీ రెండూ ఉంటే బెంగ లేదు. చుక్కలు వరసగా ఒక గీతలో ఉంటే, ఆ గీత వెంట పగులు కూడా ఉంటే అప్పుడు మాట్లాడుకోవలసింది కూల్చడం గురించే.

యాసిడ్ కడుగుడు, రంగు వద్దనే చెబుతాను. కొంత స్వానుభవంతో. యాసిడ్ మరకను తీయదు, మరక ఉన్న పూతనే ఒక పొర తినేస్తుంది. పూత ఉండేదే సుమారు 1 సెంటీమీటరు మందం. కడిగిన ప్రతిసారీ అది పలచబడి, ఇంకా గరుకుగా తయారవుతుంది. గరుకైన చోట మురికీ ఇనుమూ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. నేను ఒకప్పుడు ఇలాగే కడిగించి, ఆరు నెలలు మురిసిపోయి, ఏడో నెలలో మునుపటి కంటే నల్లని స్పా చూసుకున్నాను. మీ గట్టు ఇప్పటికే గీసుకుంటోందంటున్నారు, తినడానికి అక్కడ మిగిలిందేమీ లేదు. పైగా స్పా ఒక గొయ్యి. యాసిడ్ ఆవిరి గాలి కంటే బరువు, కనుక అడుగునే నిలుస్తుంది. క్లోరిన్ మిగిలిన చోట యాసిడ్ పడితే వచ్చే వాయువు ప్రాణాంతకం. దయచేసి మీరు స్వయంగా మాత్రం ఆ పని పెట్టుకోవద్దు.

ఎపాక్సీ రంగు మొదటి రోజు నిజంగానే కొత్తదానిలా ఉంటుంది. అయితే 38, 40 డిగ్రీల నీళ్లూ క్లోరిన్ కలిసి దాన్ని పొడిపొడిగా రాల్చేస్తాయి, అక్కడక్కడా బుడగల్లా లేస్తుంది. తర్వాత మంచి పూత వేయించాలనుకున్న రోజు, రంగు మీద సిమెంటు పట్టదు కనుక ముందు ఆ రంగంతా గీకించాలి. అంటే చేయించడానికి ఒకసారి, తీయించడానికి ఒకసారి ఖర్చు.

మరి ఫైబర్‌గ్లాస్? తొట్టి మంచిదే, నునుపుగా ఉంటుంది, తోమడం సులువు. కానీ మరకల కోసం కాంక్రీటు పగలగొట్టడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. కొత్త తొట్టి వచ్చినా ఆ బోరు నీళ్లే, ఆ హీటరే. మరకలు దానికీ వస్తాయి. ఇక పని కూడా వినిపించినంత తేలిక కాదు. తవ్వాలి, గట్ల కింద డొల్ల లేకుండా ఇసుకో సన్న కంకరో నింపి దన్ను ఇవ్వాలి, ప్రతి గొట్టమూ మళ్లీ అతకాలి. కాంక్రీటు పగలగొట్టకుండా పాతదాని లోపలే కొత్తది కూర్చోబెడదామని ఎవరైనా అంటే ఇంకా వద్దు. లోపల చోటు తగ్గిపోతుంది, రెండు తొట్ల మధ్య గొట్టం కారితే చేయి పెట్టే దారి ఉండదు.

అయినా కూల్చడమే సరైన మాట అయ్యే సందర్భాలు ఉన్నాయి. గొట్టాలకు ఒత్తిడి పరీక్ష చేయిస్తే రెండు మూడు చోట్ల కారడం, కాంక్రీటు గుండా ఈ పక్క నుంచి ఆ పక్కకు పగులు ఉండటం, తొట్టి ఒక వైపు కుంగి నీటి అంచు వంకరగా కనిపించడం. వీటిలో ఏది ఉన్నా పూత మీద డబ్బు పోయకండి. అప్పుడు కూడా నా మొదటి సలహా ఆ గొయ్యి పూడ్చి, దాని మీద నేలపై నిలబెట్టే స్పా పెట్టుకోమని. పక్క పలక విప్పితే పంపూ గొట్టాలూ చేతికందుతాయి.

మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అంత దూరం వెళ్లే అవసరం కనిపించడం లేదు. పాత పూత చెక్కించి కొత్త పూత వేయించండి. పూత వయసు కూడా తీరిపోయింది: ఈత కొలనులోనే తెల్ల పూత 10, 15 ఏళ్లు ఉంటే గొప్ప, వేడినీళ్లలో అంతకంటే తక్కువే. నీళ్లు తీశాక మీరే ఒక చిన్న సుత్తి పట్టుకుని గోడంతా, గట్టంతా మెల్లగా తట్టి చూడండి. గట్టి చప్పుడు వచ్చినచోట పూత కాంక్రీటును పట్టుకుని ఉంది. డొల్ల చప్పుడు వచ్చినచోటల్లా సుద్దతో గీయండి, అదంతా ఊడిపోవాల్సిందే. డొల్ల పూత మీద కొత్త పూత వేస్తానన్న వారిని మర్యాదగా పంపించేయండి.

పైన ఏ పూత అన్నది మీ ఇష్టం, ఒక్క మినహాయింపుతో. గులకరాళ్ల పూత చాలా ఏళ్లు మన్నుతుంది, మరక కూడా అంతగా తెలియనివ్వదు. కానీ ఇది నడిచే చోటు కాదు, కూర్చునే చోటు. ఇప్పటి గరుకు గురించే ఫిర్యాదు చేస్తున్న మీకు అది నేను చెప్పను. క్వార్ట్జ్ (గట్టి స్ఫటిక రాయి) పలుకులు కలిపిన పూత మధ్యేమార్గం: సాదా తెల్లపూత కంటే గట్టిది, ఒంటికి ఇబ్బంది ఉండదు. లేత బూడిద రంగు తీసుకోండి, తెలుపు ప్రతి మరకనూ చాటింపు వేస్తుంది. స్పా చిన్నదే కాబట్టి చేతిలో డబ్బుంటే మొత్తం టైల్స్ వేయించడం అన్నిటికంటే మన్నిక. అప్పుడు టైల్స్ సందులు పూడ్చే గ్రౌటు మాత్రం వేడినీళ్లకు ఆగే రకం కావాలి.

పూత చెక్కిన రోజే రెండో రంధ్రం పని చేయించాలి. కాంక్రీటు కోసి, గొట్టం వేసి పూడ్చినా పైన పూత ఎలాగూ వస్తుంది కనుక అతుకు కనిపించదు. లీకున్న జెట్ ఉంటే దాన్నీ, తుప్పు చుక్కనూ, పాత దీపాన్నీ అదే విడతలో ముగించండి. దీపం, పంపు, హీటరు మూడింటికీ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 20 ఏళ్ల నాటి వైరింగును నేను నమ్మను.

నీళ్లు ఎప్పుడు తీయించాలన్నది కూడా ఆలోచించండి. వానలు పడి నేల నానిన రోజుల్లో ఖాళీ తొట్టి కింద ఊటనీరు ఎత్తి తోస్తుంది. ఫైబర్‌గ్లాస్ తొట్టి అయితే ఏకంగా పైకి తేలిపోతుంది, కాంక్రీటు కూడా లేచి పగిలిన సందర్భాలు ఉన్నాయి. అడుగున ఊట ఒత్తిడి వదిలే వాల్వు ఉందేమో అడగండి. నేల పొడిగా ఉన్న రోజు చూసుకుని తీయించి, ఖాళీగా ఉంచే రోజులు ఎంత తక్కువైతే అంత మంచిది.

మీ రెండు నెలల లెక్క ఇలా వస్తుంది. ఈ వారం మూత, బక్కెట్ పరీక్ష, గొట్టాల పరీక్ష. తర్వాత రెండు వారాల్లో చెక్కడం, మరమ్మతులు, పూత. పూత గట్టిపడటానికి సుమారు 28 రోజులు పడుతుంది, తొందరపెట్టడానికి వీల్లేనిది ఇదే. ఆ నెలంతా హీటరు వెలిగించకూడదు, బ్లోయరు వాడకూడదు. కొత్త పూతలోంచి సున్నం నీళ్లలోకి దిగుతూ పీహెచ్‌ను రోజూ పైకి నెడుతుంది, కాబట్టి రోజూ కొలిచి, కొంచెం కొంచెంగా దించుతూ ఉండాలి. మొదటి రెండు వారాలు పొద్దునా సాయంత్రమూ మెత్తటి బ్రష్‌తో తోమితే తెల్లని పొడి వస్తుంది. రానివ్వండి, తోమకపోతే అదే గారగా గట్టిపడుతుంది. బోరు నీళ్లతో నింపుతుంటే ముందు ఇనుము ఎంతుందో పరీక్ష చేయించి, ఉంటే ఫిల్టరు గుండా పంపండి. లోహాలు గోడకు అంటకుండా పట్టి ఉంచే మందు మొదటి రోజే వేయండి.

ఆ తర్వాత పెద్దగా చెప్పేదేమీ లేదు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 3 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 3 పాళ్లకు) తగ్గకుండా, వాడే రోజుల్లో రోజూ పరీక్ష. మూడు నెలలకోసారి నీళ్లు పూర్తిగా మార్చండి. తేలే క్లోరిన్ బిళ్లల డబ్బాను ఇంట్లోంచే పంపేయండి.

మనవల వయసు మీరు రాయలేదు. ఐదేళ్లు నిండని వాళ్లు ఉంటే వేడినీళ్లలోకి దింపవద్దు, చిన్న ఒళ్లు పెద్దవాళ్ల కంటే చాలా త్వరగా వేడెక్కుతాయి. మిగతావాళ్లకు కూడా 40 డిగ్రీలు దాటనివ్వకండి. పూత పని రెండు వారాలు ఆలస్యమైతే వాళ్లు వచ్చేనాటికి 28 రోజులు నిండకపోవచ్చు. అప్పుడు హీటరు ముట్టించకుండా చల్లని నీళ్లే ఉంచండి. పిల్లలు వేడినీళ్ల కోసం అలగరు.